మోటారు ఆగాకే అసలు ఆట!

దాళ్వా కోతలయ్యాక మిట్టమధ్యాహ్నంలోపు అమలాపురం చుట్టుపక్కల చేల మీద ఓసారి తలెత్తి చూడండి. గద్ద ఒకటి రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటుంది. ఎండకు కాగిన నేల మీంచి లేచే వేడిగాలే దాని నిచ్చెన. రిమోట్‌తో నడిపే గ్లైడర్ చేసేదీ అదే. మోత లేదు, పొగ లేదు. గాలి ఎక్కడ లేస్తోందో కనిపెట్టి, కింద నిలబడిన మనిషి విమానాన్ని అక్కడికి తోలాలి. అంతే!

ఇంత చక్కని ఆటకు ఇప్పుడు మనుషులే కరువు. విదేశాల్లోని గ్లైడర్ క్లబ్బుల్లో నెరిసిన తలలే ఎక్కువ. కుర్రకారు డ్రోన్ల వైపు వెళ్లిపోయింది. వెళ్లరూ మరి! జీపీఎస్ ఉన్న డ్రోన్ చెయ్యి వదిలేసినా గాల్లో అలాగే నిలబడుతుంది, పైపెచ్చు ఫొటోలు తీస్తుంది. గ్లైడర్‌ను వదిలేస్తే కొబ్బరి మొవ్వులో వెతుక్కోవాలి.

అలాగని ఔత్సాహికులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1969లో అమెరికాలో మొదలైన ‘లీగ్ ఆఫ్ సైలెంట్ ఫ్లైట్’ ఈ విద్యకు అయిదు మెట్లు కట్టింది. మొదటి మెట్టులో వేడిగాలి మీద 5 నిమిషాలు ఎగరాలి. చివరి మెట్టుకు చేరేసరికి అది 2 గంటలు! మొదటి మెట్టులో ఎవరినీ ఓడించక్కర్లేదు, నిన్నటి తన లెక్క దాటితే చాలు. మళ్లీ ఆదివారం మైదానానికి రావడానికి అంతకంటే కారణం ఏం కావాలి?

ఇంకో చిక్కు తాడుది. గ్లైడర్‌ను పైకి పంపాలంటే పొడవాటి తాడు కట్టి, మనుషులు పరుగెత్తి లాగాల్సి వచ్చేది. సాయం లేనివాడు ఇంట్లో కూర్చోవాల్సిందే. ‘ఎఫ్5జె’ పోటీలు ఆ బెడద తీర్చాయి. ఇందులో గ్లైడర్‌కు చిన్న కరెంటు మోటారుంటుంది. అది 30 సెకన్లు మించి తిరగకూడదు. తిరకాసంతా ఎత్తులోనే ఉంది. మోటారుతో ఎక్కిన ప్రతి మీటరుకూ అర పాయింటు కోత, 200 మీటర్లు దాటితే మీటరుకు 3 పాయింట్లు! తక్కువ ఎత్తులో మోటారు ఆపి, గాలిని నమ్ముకున్నవాడికే లాభం. ఇది యంత్రం ఆట కాదు, ధైర్యం ఆట.

మరి కోనసీమలో కుదురుతుందా? కొండల్లేవు. కాలువలు, కరెంటు తీగలు, కొబ్బరితోటలు కావలసినన్ని. అయినా కోసిన చేను ఉంటే, రైతు సరేనంటే చోటుకు లోటు లేదు. మినుము చల్లిన చేనైతే మాత్రం ఆశ వదులుకోవాలి. సముద్రపు గాలి తిరిగితే నేల చల్లబడి ఆట మందగిస్తుంది కాబట్టి పొద్దున పది దాటాక మంచి వేళ. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం సరదాకి ఎగరేసే 2 కిలోల లోపు వాటికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయితే ఆ చోట ఎగరేయొచ్చో లేదో ‘డిజిటల్ స్కై’ మ్యాపులో చూసుకోవాలి.

అసలు కష్టం కొత్తవాడిని నిలబెట్టుకోవడం. చూడ్డానికొచ్చిన పిల్లాడిని గట్టు మీద గంట కూర్చోబెడితే వాడు మళ్లీ రాడు. అందుకే రెండు ట్రాన్స్‌మిటర్లు కలిపి, ఒకటి వాడి చేతికిచ్చే పద్ధతి వచ్చింది. తప్పు చేస్తే గురువు మీట వదిలి విమానాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు మోసే ఊళ్లలో మాత్రం కుర్రాళ్లకు ఎవరు పాఠం చెప్పారు? పెద్దల పక్కన నడిచి భుజం అందుకున్నారు.

ట్రాన్స్‌మిటర్ కొనేముందు పిల్లలతో ఓ పని చేయించొచ్చు. పల్చటి థర్మోకోల్ షీటుతో రెక్క, తోక కత్తిరించి, వెదురు పుల్లకు అంటించి, ముక్కుకు కాస్త మట్టి మెత్తండి. చేత్తో మెల్లగా విసరండి. ముక్కు పైకెత్తి చతికిలబడితే ఇంకొంచెం మట్టి పెట్టాలి. తలకిందులుగా దూకితే కొంచెం తీసెయ్యాలి.