మూసీ నీటికి కొలత

అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మీదుగా పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ చెడినదని చెప్పుటకు ముక్కు చాలును. ఎంత చెడినదో చెప్పుటకు కొలత కావలెను. ఒడ్డున నివసించే మనమే స్వచ్ఛందంగా దానిని తీయవచ్చు.

నీటిలో కరిగిన ప్రాణవాయువును మురుగులోని సూక్ష్మజీవులు హరించివేస్తాయి. స్నానానికి తగిన నీటిలో అది లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. నమూనా సీసాలో గాలిబుడగ మిగిలితే లెక్క తప్పుతుంది. అంతకన్న పెద్ద మోసం వేళది. పగటి వెలుగులో నాచు ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి పీల్చడమే గాని విడవడం లేదు. కనుక సెలవునాడు భోజనం ముగించి తీరికగా వెళ్ళే మనకు నది మంచిమాటే చెబుతుంది. చేపలకు ఊపిరాడని తెల్లవారుజామును దాచిపెడుతుంది. సూర్యోదయానికి ముందు, ఒకే చోట, వారం వారం కొలిచి, తేదీ, వేళ, నీటి ఉష్ణోగ్రత వ్రాసిన పుస్తకమైతేనే అధికారుల ముందు ఉంచగలము.