అట్టకోటల రాజకుమారుడి సీమలో రాతి గుళ్ళు

జానపద సినిమా అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? అట్టతో, ప్లాస్టరుతో కట్టిన కోట బురుజులు, నోరు తెరిచిన రాక్షసి గుహ, వాటి మధ్య మెరుపులా కత్తి దూసే కాంతారావు! అవునా, కాదా? విఠలాచార్య చిత్రాలు చూసి పెరిగిన తరానికి రాజకుమారుడంటే ఆయనే. మరి ఆ రాజకుమారుడు పుట్టింది ఎక్కడనుకున్నారు? ఏ రాజమహల్లోనో కాదు, కోదాడ దగ్గర గుడిబండలో. ఆ సీమ నిండా అట్టవి కాదు, అసలు సిసలు మధ్యయుగపు రాతి కట్టడాలున్నాయి. పాట కోసం యూరప్ కోటల దాకా విమానమెక్కే మన సినిమావాళ్ళు వీటి వైపు కన్నెత్తి చూసింది తక్కువ. వాళ్ళ సంగతి వాళ్ళకే వదిలేసి మేమే ఓ రోజు చూసొచ్చాం.

ఓ ఆదివారం తెల్లవారుజామున సూర్యాపేటలో తుఫాన్ బండి మాట్లాడుకుని బయల్దేరాం. మొత్తం తొమ్మిది మందిమి. తెలుగు చెప్పే లెక్చరర్ ఒకాయన, ఆయన దగ్గర చదివే ఇద్దరు అమ్మాయిలు, మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే గుమాస్తా, నా మిత్రులిద్దరు, నేను. ఎనిమిదోవాడు మేమందరం 'డైరెక్టర్' అని పిలిచే కుర్రాడు. ఇంకా సినిమా తీయలేదు గానీ, నాన్న ఇచ్చిన రెండెకరాలు అమ్మి తీద్దామని గట్టి పట్టు మీదున్నాడు. తొమ్మిదో మనిషి అందరికన్నా పెద్ద. మద్రాసు స్టూడియోల్లో ఇరవయ్యేళ్ళు సెట్ల వడ్రంగిగా చేసి వచ్చిన తాత. ఎనభై దాటినా చేతివేళ్ళు ఇంకా ఉలి పట్టినట్టే ఉంటాయి.

ఎరకసాని పేరు

సూర్యాపేటకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే పిల్లలమర్రి. టీ చల్లారేలోపు చేరిపోయాం. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు ఏలిన ఊరిది. నామిరెడ్డి పేరుతో నామేశ్వరాలయం, మూడు గర్భగుళ్ళ ముక్కంటేశ్వరాలయం, చెన్నకేశవుడి గుడి, వీటికి తోడు ఎరకేశ్వరాలయం. ఇక్కడి శాసనాల్లో 1195 నాటిదొకటి, 1208 నాటిదొకటి పేరెన్నికగన్నవి. లెక్కేసుకోండి, రామప్ప గుడి కట్టింది 1213లో. కట్టించిన రుద్రుడిదీ రేచర్ల వంశమే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు బస్సులు బారులు తీరుతున్నాయి. దానికన్నా అయిదేళ్ళు పెద్దదైన ఎరకేశ్వరాలయం ముందు ఆ ఉదయం మా బండి ఒక్కటే ఉంది.

నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపు. మొహం దగ్గరగా పెడితే మన నీడ మసగ్గా కనిపిస్తుంది. తాత ఒక స్తంభాన్ని అరచేత్తో నిమిరి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"మేం మద్రాసులో రాతి స్తంభమంటే కర్రచట్రం కట్టి, గోనెగుడ్డ చుట్టి, ప్లాస్టరు కొట్టి, రంగేసేటోళ్ళం బిడ్డా. షూటింగయినంక అదే చట్రం ఇంకో సినిమాల పందిరయ్యేది. గీ పని చేసినోడు మల్ల దీన్ని పీకాలె అనుకోలే."

అమ్మాయిల్లో ఒకమ్మాయి లెక్చరర్‌ని అడిగింది: "సార్, ఎరకేశ్వరుడంటే ఎవరు సార్? శివుడికి ఆ పేరెందుకొచ్చింది?"

"శివుడి పేరు కాదమ్మా, ఒక ఆడమనిషి పేరు. బేతిరెడ్డి భార్య ఎరకసాని. 1208లో గుడి కట్టించి, దేవుడికి తన పేరే పెట్టించింది. శాసనమే సాక్ష్యం."

ఆ పిల్ల మొహం చూడాలి మీరు! మన జానపద చిత్రాల్లో రాజకుమారి పనేమిటి? మాంత్రికుడు ఎత్తుకుపోతే గుహలో కూర్చుని హీరో కోసం పాట పాడుకోవడం. ఇక్కడేమో ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఒకామె రాతి మీద పేరు చెక్కించుకుని దర్జాగా నిలబడి ఉంది. ఆ మాటకొస్తే రుద్రమదేవిదీ ఈ చుట్టుపక్కల కథే. 2015లో అనుష్క నటించిన 'రుద్రమదేవి' చూసినవాళ్ళలో నకిరేకల్ దగ్గరి చందుపట్ల పేరు ఎందరికి తెలుసు? ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం దానం చేశామని చెప్పే 1289 నాటి శాసనం దొరికింది ఆ ఊళ్ళోనే. ఆమె మరణించిన సంవత్సరానికి చరిత్రకారులకు అదే పెద్ద ఆధారం.

నామేశ్వరాలయంలో పైకి చూడడం మరిచిపోకండి. కాకతీయుల కాలపు వర్ణచిత్రాల జాడలు మిగిలిన బహు కొద్ది గుళ్ళలో ఇదొకటి. క్షీరసాగర మథనం బొమ్మ వెలిసిపోయి, పొగచూరి, కళ్ళు చిట్లించి చూస్తే గానీ ఆనదు. ఆ కాస్త రంగూ పోతే మళ్ళీ పులమడానికి ఏ ఆర్ట్ డైరెక్టరూ రాడు. కింద స్తంభాల మీద మాత్రం మన ప్రేమికులు బాణం గుర్తులతో సహా పేర్లు గీకి పెట్టారు. ఎరకసాని గుడి కట్టి పేరు రాయించుకుంది, వీళ్ళు ఏ కష్టం లేకుండానే రాసుకున్నారు!

అన్నట్టు, 'శృంగార శాకుంతలం' రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరి నుంచి వచ్చిందే అంటారు. 1966లో ఎన్టీఆర్, సరోజాదేవి నటించిన 'శకుంతల' చూసినవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

గుడిబండలో రెండెకరాల మాట

అక్కడి నుంచి విజయవాడ హైవే మీద కోదాడ. దారి పొడుగునా బండిలో కాంతారావు సినిమాల పేర్లతో అంత్యాక్షరి. 'జయవిజయ', 'గురువును మించిన శిష్యుడు', 'జ్వాలాద్వీప రహస్యం'... తాతే గెలిచాడు.

గుడిబండలో ఆగాం. వేపచెట్ల నీడ, పొలాలు, ఎండలో కునుకు తీస్తున్న ఊరు. 1923లో ఇక్కడ పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావు మద్రాసు చేరి, హెచ్.ఎం.రెడ్డి గారి 'ప్రతిజ్ఞ' (1953)తో హీరో అయ్యారు. 'లవకుశ' (1963)లో లక్ష్మణుడు, అదే ఏడు 'నర్తనశాల'లో కృష్ణుడు. నారదుడి వేషం ఎన్నిసార్లు కట్టారో! నాలుగు వందలకు పైగా చిత్రాలు. ఆ తర్వాత సొంతంగా నిర్మాణంలోకి దిగారు. 'సప్తస్వరాలు' (1969), 'గండర గండడు' (1969), 'గుండెలు తీసిన మొనగాడు' (1974)... నిర్మాతగా చేతులు కాలాయి, ఆస్తులు కరిగిపోయాయి. తెర మీద ఎన్ని రాజ్యాలు గెలిచారో లెక్కలేదు గానీ, చివరి రోజులు ఇబ్బందుల్లోనే గడిచాయి. 2009 మార్చిలో కన్నుమూశారు.

ఈ కథ తెలియనివారు మా బండిలో లేరు. కానీ ఆ ఊరి నేల మీద నిలబడి అనుకుంటే వేరుగా ఉంది. డైరెక్టర్ కుర్రాడు ఎప్పుడూ లేనిది మాట్లాడటం మానేశాడు.

గుమాస్తా ఊరుకోడుగా! "చూసినవా తమ్మీ? అంత మొనగాడికే నిర్మాణం అచ్చి రాలే. నీ రెండెకరాలు ఏ మూలకు?"

"భయపడి ఇంట్ల కూసుంటే ఆయన గుడిబండల్నే ఉండేటోడు గద అన్నా?" అన్నాడు కుర్రాడు. మాటలో వేడి ఉంది, నిజమూ ఉంది. ఇద్దరిలో ఎవరిది తప్పనగలం?

తాత మధ్యలోకొచ్చాడు. "సినిమా తియ్యొద్దంటలేను. ముందు సెట్టుకు పైసలు పెట్టకు. పొద్దుగాల చూస్తివి గద, కట్టి పెట్టిన సెట్టు ఉన్నది. నీ చేతుల ఫోనున్నది. ఆ పెయింటింగు చెరిగిపోకముందే తియ్యి. భూమి ఏడికి పోతది? అమ్మకుంటే ఆడనే ఉంటది."

సంగమం దగ్గర

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. రైస్ మిల్లుల ఊరిలో అన్నానికి లోటేముంటుంది? మెస్సులో వేడివేడి అన్నం, గోంగూర పచ్చడి, పప్పుచారు. తిని, దామరచర్ల దాటి వాడపల్లి చేరాం. హైదరాబాదు మురికినంతా మోసుకొచ్చిన మూసీ ఇక్కడ కృష్ణమ్మ ఒడిలో చేరుతుంది. గట్టు మీద అగస్త్యేశ్వరుడు ఒకవైపు, లక్ష్మీనరసింహస్వామి ఒకవైపు.

అగస్త్యేశ్వర లింగం నెత్తిన ఒక గుంట, అందులో ఎప్పుడూ నీళ్ళు. బోయవాడు తరిమిన పక్షికి శరణిచ్చిన శివుడు, ఆకలిగొన్న బోయవాడిని చూసి, పిట్టకు బదులు నా తల మాంసం తీసుకోమన్నాడట. ఆ గాయాన్ని కడగడానికి గంగ వచ్చి నిలిచిందని స్థలపురాణం. నరసింహస్వామి గర్భగుడిలోనేమో దీపాలు రెండు. స్వామి ముఖం ఎత్తున ఉన్నది స్వామి ఊపిరికి రెపరెపలాడుతుందని, కిందిది కదలదని పూజారులు చూపిస్తారు. మేమూ చూశాం. పైది ఆడుతూనే ఉంది, కిందిది నిలకడగానే ఉంది. కెమెరా ట్రిక్కులు తెలిసిన తాత కూడా రెండు చేతులూ జోడించాడు.

కుర్రాడు మాత్రం దీపాల దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. మెట్ల మీద కూర్చుని, పొద్దున పిల్లలమర్రిలో తీసిన వీడియోలు మొదటి నుంచీ చూసుకుంటున్నాడు. "శాసనం ఎవరు చదువుతరు సార్? వాయిస్ మీరిస్తరా?" అని లెక్చరర్ని అడగడం నా చెవిన పడింది. "నేనెందుకు? ఎరకసాని గుడికి ఆడగొంతు ఉండాలె," అని ఆయన తన శిష్యురాలి వైపు చూపించాడు. రెండెకరాల సంగతి ఏం తేల్చుకున్నాడో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెళ్ళదలచిన పాఠకులకు రెండు మాటలు. పిల్లలమర్రి ఉదయం పూటే చూడండి. స్తంభాల పనితనం ఏటవాలు ఎండలోనే బాగా తెలుస్తుంది. వాడపల్లిని సాయంత్రానికి ఉంచుకోండి. ఎండాకాలమైతే తలకు కండువా, చేతిలో నీళ్ళ సీసా తప్పనిసరి. పిల్లల్ని తప్పక తీసుకెళ్ళండి గానీ, వాళ్ళ జేబుల్లో మేకులూ తాళంచెవులూ లేకుండా చూసుకోండి. ఎనిమిది వందల ఏళ్ళుగా ఆ రాయి మీద ఎరకసాని పేరు నిలిచింది. పక్కన మన పేరు లేకపోతే కొంపలేం మునగవు!