వెచ్చదనం కావాలి, గాలీ కావాలి – ఫ్రాన్స్ పల్లెలో నేర్చిన ఋతుచర్య

ఋతుచర్యను ఉపదేశించే వైద్యుడు రెండు విషయాలను మరువరాదు. ఒకటి కాలం, రెండవది దేశం. గురుకులంలో చరక సంహిత సూత్రస్థానాన్ని వల్లె వేస్తున్న రోజుల్లో మా గురువుగారు ఈ రెండింటినీ పదే పదే గుర్తు చేసేవారు. నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో నా వద్దకు వచ్చిన రోగులకు నేనూ ఇదే చెబుతూ వచ్చాను. అయినప్పటికీ సొంత కుటుంబం విషయంలో దానిని నేనే విస్మరించాను. నా పొరపాటు వలన ఇంటిల్లిపాదికీ ప్రాణాపాయం కలిగి, దైవవశాన తప్పింది. చలి మొదలయ్యే రోజుల్లో పాఠకులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, దాచుకోకుండా ఆ విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

కార్తికంలోనే శిశిరం

మా అల్లుడు ఫ్రాన్స్ దేశంలో క్లెర్మోఁ ఫెరాఁ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మిషెలిన్ టైర్లకు పుట్టినిల్లు ఆ నగరం. అద్దె తక్కువనీ, పిల్లవాడికి ఆరుబయలు ఉంటుందనీ కొండవాలులోని ఒక పల్లెలో పాత రాతి ఇంటిని అద్దెకు తీసుకున్నారు. ఆ ప్రాంతాన్ని ఓవెర్న్ అంటారు. వేల ఏళ్ళ క్రితం చల్లారిన అగ్నిపర్వతాల వరుస అక్కడ ఉంది. వాటిలో ఎత్తయినది పుయ్ ద డోమ్, 1,465 మీటర్లు. 2018లో ఆ పర్వత శ్రేణికి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు లభించింది. లావా గడ్డకట్టిన నల్లరాతితోనే అక్కడ ఇండ్లూ, ప్రార్థనాలయాలూ కట్టుకున్నారు.

2024 అక్టోబరు మధ్యలో నేనూ, నా శ్రీమతీ అక్కడికి చేరాము. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ మరునాటి నుంచి సాయంత్రం అయిదున్నరకే చీకటి పడసాగింది. దీపావళి, అక్కడివారు సమాధులపై చామంతి కుండీలు ఉంచి పెద్దలను తలచుకునే తూసాఁ పండుగ ఆ ఏడు పక్కపక్క రోజుల్లో వచ్చాయి. అమావాస్య నాడు పితృదేవతలను స్మరించే మనకు ఆ దృశ్యం కొత్తగా తోచలేదు.

పంచాంగం ప్రకారం అది కార్తికం, అనగా శరదృతువు. శరత్తులో పిత్తం ప్రకోపిస్తుందనీ, ఎండ తగలకుండా చూసుకోవాలనీ శాస్త్రం. ఆ పల్లెలోనో, ఉదయం గడ్డిపై తెల్లని మంచు పేరుకునేది. ఎండ కోసం ముసలివారు గోడవారన నిలబడి ఎదురుచూసేవారు. నెలల పేర్లు చూసి ఋతువును నిర్ణయించరాదనీ, లక్షణాలు చూసి నిర్ణయించాలనీ అక్కడ ప్రత్యక్షంగా తెలిసింది.

ఆ పల్లెవారి దినచర్య

పరదేశ నివాసంలో కష్టం చలి ఒక్కటే కాదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు దుకాణాలు మూసివేస్తారు. ఆదివారం మధ్యాహ్నం దాటితే ఊరు నిద్రపోయినట్లే ఉంటుంది. దుకాణంలో అడుగుపెట్టగానే ‘బోఁజూర్’ అని పలకరించకపోతే మర్యాద తెలియనివారిగా చూస్తారు. శీతాకాలంలో మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా. మా అమ్మాయి పని ముగించి ఫోను చేసే వేళకు ఇక్కడ బంధువులు నిద్రపోయి ఉంటారు. చీకటి, ఒంటరితనం తోడై నా శ్రీమతికి రెండు వారాలలోనే ఆకలి మందగించి, మనస్సు దిగులుపడింది. భోజనానికి ముందు పగటి వెలుతురులో అరగంట నడక అలవాటు చేయించాను. వారం తిరిగేసరికి తేటపడింది. మబ్బు పట్టిన రోజైనా ఆరుబయటి వెలుతురు గదిలోని దీపం కన్నా ఎన్నో రెట్లు అధికం.

ఇక ఆ ఊరి రైతులకు ‘ఋతుచర్య’ అన్న మాట తెలియకపోవచ్చు గాని, ఆచారం మాత్రం ఉంది. రెండేళ్ళు ఎండిన ఓక్ కట్టెలను ‘స్తేర్’ అనే ఘనమీటరు కొలతతో కొని చూరు కింద పేర్చుకుంటారు. రాత్రి భోజనం కూరగాయల సూపుతో మొదలవుతుంది. మన ఉల్లికాడలను పదింతలు చేసినట్లుండే ‘పొఆరో’, గుమ్మడి, క్యాబేజీ, ముల్లంగి జాతి దుంపలు అందులో వేస్తారు. భోజనానంతరం ‘తిజాన్’ పేరుతో ఆకుల కషాయం తాగుతారు. జలుబుకు ‘థీమ్’ అనే మూలికను మరిగిస్తారు. మన వాములో ఉండే థైమాల్ అనే ద్రవ్యమే అందులోనూ ఉంది. వాసన చూడగానే నాకు మా పెరటిలోని వాము మడి గుర్తుకు వచ్చింది.

చలికాలంలో బయటి శీతలం వలన దేహోష్మ లోపలికి మళ్ళి జఠరాగ్ని బలపడుతుందనీ, దానికి తగిన ఆహారం అందకపోతే ఆ అగ్ని దేహంలోని రసధాతువునే దహిస్తుందనీ చరకుడు చెప్పాడు. వారి నెయ్యి వంటి వెన్న, వాల్‌నట్ నూనె, వేడి సూపు ఈ సూత్రానికి దూరమైనవి కావు.

నా పొరపాటు

ఇంటి నడిమి గదిలో పోతపోసిన ఇనుప పొయ్యి ఒకటి ఉంది. కట్టెలు వేసి అద్దం తలుపు మూస్తే గది అంతా వెచ్చబడుతుంది. పొయ్యికి కొంచెం దూరంలో, గోడ అడుగున, జాలీ అమర్చిన అరచేతి పాటి రంధ్రం ఉంది. దాని నుంచి చల్లగాలి సూదిలా పాదాలకు తగిలేది.

నవంబరు 15, కార్తిక పౌర్ణమి. వాకిట్లో పెట్టిన దీపాలను గాలి ఆర్పివేస్తూ ఉంటే నా శ్రీమతి వాటిని లోపలికి తెచ్చింది. అక్కడా వత్తులు రెపరెపలాడాయి. “ఏమండీ, ఆ కన్నం సంగతి చూడకూడదూ?” అన్నది. హేమంతంలో నిప్పుల సెగతో వెచ్చబడిన లోపలి గదుల్లో ఉండేవారికి శీతదోషం అంటదని అష్టాంగహృదయం చెబుతుంది. గాలి సోకకుండా ఉండాలన్నది అందరూ ఎరిగిన నియమమే. నేను పాత దుప్పటి ముక్కను మడిచి ఆ రంధ్రంలో గట్టిగా కుక్కాను. కిటికీ సందులకు టేపు అంటించాను. దీపాలు నిశ్చలంగా వెలిగాయి. వాతాన్ని జయించానని సంతోషించాను.

మరునాడు శనివారం. లేచిన దగ్గర నుంచి అందరికీ తలనొప్పి. శీతగాలి వలన వచ్చిన వాతకఫ శిరశ్శూల అనుకొని నుదుటికి శొంఠి పట్టు వేయించాను. ఆదివారం ఉదయం రొట్టె కోసం ఊరి చివర వరకు నడిచి వెళితే నా తలనొప్పి పూర్తిగా తగ్గింది. ఇంటికి వచ్చిన గంటకు మళ్ళీ వచ్చింది. వైద్యుడన్నవాడు అక్కడే ఆలోచించి ఉండవలసింది. నేను ఆలోచించలేదు. మధ్యాహ్నానికి ఏడేళ్ళ మనుమడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. “తాతయ్యా, నిద్రొస్తోంది” అంటూ సోఫాలో వాలిపోయాడు. అజీర్ణమని తలచి వేడినీటిలో శొంఠి వేసి తాగించాను. పిల్లవాడికి చలి తగలరాదని పొయ్యిలో మరో రెండు కట్టెలు వేయించాను.

చీకటి పడే వేళకు పక్కింటి పెద్దావిడ తోటలో కాసిన గుమ్మడికాయ ఇవ్వడానికి వచ్చింది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. లోపలికి రెండడుగులు వేసి ఆగింది. మా ముఖాలు చూసింది. పొయ్యిలో పసుపుపచ్చగా, బద్ధకంగా కదిలే మంటను చూసింది. కాయను నేల మీద పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా తలుపులూ కిటికీలూ బార్లా తెరిచింది. మనుమడిని భుజాన వేసుకొని బయటికి నడవమని మా అల్లుడికి చేతితో సైగ చేసింది. అందరమూ మంచులో నిలబడ్డాక గాని ఆమె నోరు విప్పలేదు. తన చిన్ననాట ఆ ఊరిలోనే ఒక చలికాలపు రాత్రి తన మేనత్త ఇలాగే నిద్రలో వెళ్ళిపోయిందని చెప్పినట్లు మా అమ్మాయి తరువాత నాకు వివరించింది.

అల్లుడు 112కు ఫోను చేశాడు. అగ్నిమాపక దళంవారు వచ్చి పరికరంతో గదిలోని గాలిని కొలిచారు. కార్బన్ మోనాక్సైడ్. అందరినీ ఆసుపత్రికి తరలించి ఆక్సిజన్ పెట్టారు. రక్తపరీక్షలోనూ అదే తేలింది. అందరిలో ఎక్కువ మోతాదు పిల్లవాడి రక్తంలోనే ఉంది. తెల్లవారుజామున వాడు కళ్ళు తెరిచి ఆకలి అన్నప్పుడు, ఆ ఒక్క మాట విని నేను కన్నీరు ఆపుకోలేకపోయాను.

కారణం ఏమి?

కట్టె, బొగ్గు, గ్యాసు – ఏది కాలాలన్నా గాలి కావాలి. తగిన గాలి అందకపోతే అవి సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పుట్టిస్తాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. అందుచేత ఊపిరి ఆడుతున్నట్లే ఉన్నా ప్రాణవాయువు ధాతువులకు అందదు. నేను మూసిన రంధ్రం చలి రావడానికి విడిచినది కాదు, పొయ్యి ఊపిరి పీల్చడానికి విడిచినది. దానికి తోడు, ఏటా చేయించవలసిన పొగగొట్టం శుద్ధిని మా అల్లుడు ఆ ఏడు వాయిదా వేశాడు. తరువాత పనివాడు వచ్చి గొట్టం నుంచి బుట్టెడు మసి, ఒక పాత పక్షి గూడు తీశాడు.

2015 నుంచి ఫ్రాన్సులో ప్రతి ఇంటా పొగను పసిగట్టే పరికరం ఉండాలన్నది చట్టం. మా ఇంటా ఉంది గాని, అది మోగలేదు. పొగను పట్టే పరికరం ఈ వాయువును పట్టలేదు. దానికి వేరే పరికరం ఉంది.

పొగ సోకినవారి లక్షణాలను సుశ్రుతుడు సూత్రస్థానంలో ‘ధూమోపహతుడు’ అన్న పేరుతో వివరించాడు. శ్వాస బరువెక్కడం, కళ్ళు మండడం, దాహం, జ్వరం, చివరకు మూర్ఛ. ఇవన్నీ నాకు కంఠస్థమే. అయితే పొగ కనిపించని విషాన్ని నేను పోల్చుకోలేకపోయాను. నిప్పుల సెగ గదుల ఉపదేశాన్ని మన పెంకుటింటి లెక్కలో చదువుకున్నాను. పెంకుల సందుల నుంచి, తలుపు రెక్కల నడుమ నుంచి గాలి దానంతట అదే ఆడే ఇండ్లు మనవి. గాలి చొరని రాతి ఇంటికి ఆ లెక్క సరిపోదు. దోషం శాస్త్రానిది కాదు, దేశాన్ని పరీక్షించని నాది.

మన ఇండ్లలోనూ ఇదే ప్రమాదం

ఇది పరదేశపు కథ అని పాఠకులు పక్కన పెట్టరాదు. బాలింత గదిలో తలుపులు బిగించి నిప్పుల కుంపటి పెట్టే ఆచారం మనకూ ఉంది. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరు, వరండాలో నడిచే జనరేటరు కూడా ఇదే విషాన్ని పుట్టిస్తాయి. కనుక ఈ సూచనలు గుర్తుంచుకోవాలి.

1. కుంపటి, బొగ్గులు ఉన్న గదిలో ఎన్నడూ నిద్రించరాదు. బాలింతకు, శిశువుకు వెచ్చదనం కావాలంటే దళసరి బట్టలు, వేడినీటి సంచి వాడాలి. శిశువు పక్కలో మాత్రం వేడినీటి సంచి ఉంచరాదు.

2. గ్యాసు గీజరును స్నానాల గది వెలుపల, గాలి ఆడే చోట బిగించుకోవాలి. గోడలోని గాలి రంధ్రాలను మూయరాదు.

3. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం కలిగి, బయటికి వెళితే తగ్గి, లోపలికి వస్తే తిరగబెడుతూ ఉంటే గాలిని అనుమానించాలి.

4. అట్టి స్థితిలో కషాయాలు, లేపనాలు వెతకరాదు. అందరూ వెంటనే బయటికి రావాలి. వీలైతే దారిలోని తలుపులు తెరవాలి. మన రాష్ట్రాలలో 108కి, ఐరోపా దేశాలలో 112కు ఫోను చేయాలి. ఈ విషానికి ఆక్సిజనే ఔషధం, ఆసుపత్రే శరణ్యం.

5. విదేశాలలో కట్టెల పొయ్యి ఉన్న ఇంటిలో నివసించే మన పిల్లలు ఏటా పొగగొట్టాన్ని శుభ్రం చేయించాలి. కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరాన్ని తప్పక అమర్చుకోవాలి.

చలికాలపు చారు

పెద్దావిడ ఇచ్చిన ఆ గుమ్మడికాయతో మా అమ్మాయి చేసిన చారు ఇది. 1996లో ప్రత్యేక గుర్తింపు పొందిన ‘ల పుయ్’ ఆకుపచ్చ పప్పు ఆ ప్రాంతానిదే. ఇక్కడ మసూరు పప్పు వాడుకోవచ్చు. పప్పు 100 గ్రాములు, గుమ్మడి ముక్కలు పావు కిలో, ఉల్లికాడలు నాలుగు, అయిదు గ్లాసుల నీరు పోసి మెత్తగా ఉడికించాలి. అర చెంచా మిరియాల పొడి, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు చేర్చి, చెంచాడు నేతిలో జీలకర్ర, పావు చెంచా వాము పోపు పెట్టాలి. రాత్రి భోజనానికి ముందు వేడిగా తాగితే అగ్నిదీప్తి కలుగుతుంది, తేలికగా జీర్ణమవుతుంది. చలి నాళ్ళలో స్నానానికి ముందు వారానికి రెండుసార్లు నువ్వుల నూనెతో అభ్యంగనం చర్మపు పొడిదనాన్ని పోగొడుతుంది. విదేశాలలో వేయించిన నువ్వులతో తీసిన ముదురు రంగు నూనె దొరుకుతుంది. అది వంటకే గాని ఒంటికి పనికిరాదు. వేయించకుండా తీసిన లేత రంగు నూనె కొనాలి.

తిరిగి ఆ ఇంటికి చేరిన రాత్రి నా శ్రీమతి దేవుని వద్ద దీపం వెలిగించింది. గుడ్డ తీసివేసిన రంధ్రం నుంచి గాలి వచ్చి వత్తి కొద్దిగా కదిలింది. మనుమడు చేయి అడ్డం పెట్టబోయాడు. “వద్దు నాన్నా, కదలనీ” అన్నాను. కాళ్ళకు మేజోళ్ళు తొడుక్కొని, ఆ చల్లగాలిలోనే కూర్చొని చారు తాగాము.