గాలి తగ్గితే టైరు పేలుతుందా?

అమెరికాలో సెలవులు వస్తే కొందరు ఇంటినే వెంటబెట్టుకుని బయలుదేరతారు. పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చిన చక్రాల ఇంటిని కారు వెనుక తగిలించుకుంటారు. దానిని ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. మన ట్రాక్టరు వెనుక ట్రక్కు లాంటిదే. కాని ఇది గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

సన్నని ఇనుప తీగను అటూ ఇటూ గబగబా వంచి, వంగిన చోట తాకి చూడండి. చురుక్కుమంటుంది! మీరు ఖర్చుచేసిన శక్తి ఉష్ణంగా మారిందన్నమాట. టైరులోనూ ఇలాగే జరుగుతుంది. నేలను తాకినచోట టైరు కాస్త అణిగి, మళ్లీ లేస్తుంది. అణచడానికి పట్టిన శక్తి అంతా తిరిగి రాదు. మిగిలినది వేడి అవుతుంది. టైరు వ్యాసం 70 సెంటీమీటర్లయితే ఆ వేగంలో సెకనుకు 12 సార్లకు పైగా తిరుగుతుంది. లెక్క మీరే కట్టి చూడండి.

గాలి తక్కువైతే టైరు మరింత వంగుతుంది, మరింత వేడెక్కుతుంది. రబ్బరు మంచి ఉష్ణవాహకం కాదు కనుక వేడి లోపలే ఉండిపోతుంది. చివరకు పొరలు విడిపోతాయి. గాలి ఎక్కువై పేలిందని చాలామంది అనుకుంటారు గాని, తరచు జరిగేది దీనికి విరుద్ధం.

అందుకే ట్రెయిలర్లకు 'ఎస్.టి.' అనే అక్షరాలున్న ప్రత్యేక టైర్లు తయారుచేస్తారు. వాటి పక్కగోడలు బిరుసుగా ఉంటాయి. ఎంత బరువు మోయగలదో, ఎంత గాలి పట్టాలో గోడమీదే అచ్చువేసి ఉంటుంది. సామాన్లన్నీ సర్దిన తరువాత కాటా వేయించి, ఆ బరువుకు తగిన టైరు ఎంచుకోవాలి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వేడెక్కిన గాలి పీడనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదా! అది చూసి గాలి తీసేస్తే ప్రమాదమే. తయారీ తేదీ కూడా గోడమీదే ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. కదలకుండా నిలిపి ఉంచినా, ఎండకు రబ్బరు ముసలిదవుతుంది.

పేలిన టైరు ఊరుకోదు. విడిపోయిన పట్టీ కొరడాలా తిరిగి ట్రెయిలర్ అడుగుభాగాన్ని, తీగలను, గొట్టాలను చీల్చేస్తుంది. బీమా కంపెనీలు సాధారణంగా అరిగిన టైరు ఖరీదు ఇవ్వవు. ట్రెయిలర్ దెబ్బతిన్నందుకు ఇస్తాయా లేదా అన్నది పాలసీ షరతులనుబట్టి ఉంటుంది. మేకు గుచ్చుకుందా, గాలి లేకుండా నడిపారా అని పరీక్షకుడు చూస్తాడు. గాలి లేక నలిగిన టైరుకు పక్కగోడ చుట్టూ వలయంలా మడత కనిపిస్తుంది. కాబట్టి చిరిగిన టైరును పారేయకూడదు. మరమ్మతుకు ముందే ఫోటోలు తీసి ఉంచాలి.

రెండు ఇరుసుల ట్రెయిలర్లలో ఇంకో సంగతి ఉంది. ఒక టైరు పేలగానే దాని బరువులో చాలాభాగం పక్క టైరుమీద పడుతుంది. అది పైకి బాగానే కనిపించినా, విప్పి లోపల చూడాలి.