తుపాకి చెక్కకు శాండ్‌పేపర్ వద్దు

యూట్యూబ్‌లో పాత వస్తువులు బాగుచేసే వీడియోలు నేను తెగ చూస్తుంటాను. వాటిలో నాకు అస్సలు నచ్చనిది ఒకటుంది. వందేళ్ల నాటి రైఫిల్ చెక్కను శాండ్‌పేపర్‌తో బరబరా రుద్ది, వార్నిష్ కొట్టి, కొత్త పెళ్లికొడుకులా తయారుచేస్తారు. మురికితో పాటు చరిత్ర కూడా పోతుంది.

లీ-ఎన్‌ఫీల్డ్ .303నే తీసుకుందాం. 1907లో వచ్చిన దాని మార్క్ 3 రకాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులూ మోశారు. బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలోనూ ఇది తయారైంది. చెక్క మీద తనిఖీ ముద్రలుంటాయి. కొన్నిటికి భుజానికి ఆనించే బట్ మీద, ఏ దళానిదో చెప్పే ఇత్తడి బిళ్ల కూడా ఉంటుంది. ముద్రల లోతు చాలా తక్కువ. రుద్దితే పోతాయి, వాటికి అండూ బటన్ లేదు.

మరి ఎలా శుభ్రం చేయాలి? ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. చెక్క విప్పాల్సి వస్తే ముందు భాగమే మొదట తీయాలి. బట్‌ను పట్టి ఉంచే పొడవాటి బోల్టు కొస ముందు చెక్కలోని రేకులో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని ముందే తిప్పితే చెక్క చీలిపోతుంది.

తర్వాత మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపాలి. గుడ్డకు కొంచెం టర్పెంటైన్ అద్ది, గాలి ఆడే చోట కూర్చుని జిడ్డు తుడవాలి. నీళ్లలో నానబెట్టకూడదు, చెక్క ఉబ్బుతుంది. ఆరాక అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో పట్టించి, పావుగంటాగి మిగిలింది తుడిచేయాలి. ఎక్కువ రాస్తే బంకలా అంటుకుంటుంది.

ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. అందుకే నూనె గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వేడి బయటికి పోక వాటంతటవే అంటుకోవచ్చు. బయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

మన దగ్గర లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోకూడదు కాబట్టి మనలో చాలామందికి ఈ పని పడదు. కానీ క్రికెట్ బ్యాట్‌కి రాసేదీ ఈ నూనే. హాస్టల్లో బ్యాట్‌కి నూనె పట్టించేవాళ్లు ఆ గుడ్డను మాత్రం మంచం కింద పడేయకండి!