పదో తరగతి దాటితే సైకిలు తమ్ముడికేనా?

‘‘ఏటే గుంటా, మగోడిలాగ సైకిలేటి నీకు?’’ అని అడిగే అమ్మమ్మలు మన వైపు ఇప్పుడు తగ్గారు. హైస్కూలుకి వెళ్లే పిల్ల సైకిలు తొక్కితే ఎవరూ వింతగా చూడరు. చిక్కల్లా పదో తరగతి తర్వాతే! పరీక్షలు అవగానే సైకిలు తమ్ముడి చేతికి వెళ్లిపోతుంది. ‘‘పెద్దదానివయ్యావు కదా, టౌనుకి సైకిలు మీదేటమ్మా?’’ అంటుంది అమ్మ. నాన్న ఆ మాట కూడా అనడు. సైకిలుకి గాలి కొట్టించడం మానేస్తాడు, అంతే.

రామతీర్థం సంగతే చూడండి. రాములవారి కోవెల, బోధికొండ, గురుభక్తులకొండ మీద బౌద్ధుల నాటి శిథిలాలు... ఊరి గొప్ప చాలామందికి తెలుసు. అక్కడి ఆడపిల్లకి కావలసిన లెక్క వేరు. కాలేజీలున్న విజయనగరం సుమారు 12 కిలోమీటర్లు. మధ్యలో నెల్లిమర్ల. నింపాదిగా తొక్కితే గంట దారి. రానూపోనూ 24. నెలకి పాతిక రోజులు వెళ్తే 600 కిలోమీటర్లు! అలవాటైన కాళ్లు దీన్ని ఓర్చుకుంటాయి. ఓర్చుకోలేనిది వెనకనుంచి హారన్ మోగిస్తూ మీదకొచ్చే లారీని, పక్కనే బండి నెమ్మది చేసి కూనిరాగం తీసే కుర్రాణ్ని.

టౌన్లోకి వచ్చాక ఇంకో రకం పరీక్ష. గంటస్తంభం, మూడు లాంతర్లు ప్రాంతాల్లో ఆటోలు, మోటారు సైకిళ్లు, తోపుడుబళ్లు, వీటన్నిటి మధ్య తీరిగ్గా నెమరేసే ఆవు! రోడ్డు అంచుని పట్టుకుని వెళ్తే భద్రం అనుకుంటారు చాలామంది. అంచున ఇసక ఉంటుంది, చక్రం జారుతుంది. ఆగి ఉన్న ఆటోకి మరీ ఆనుకుని వెళ్తే, అందులోంచి దిగేవాళ్లు మన హ్యాండిల్‌కి తగులుతారు. కాస్త ఎడం ఉంచుకుని, వంకరలు తిరక్కుండా ఒకే తీరుగా తొక్కాలి. కుడికి తిరిగే ముందు వెనక్కి ఒకసారి చూసి చెయ్యి చాపాలి. మరీ రద్దీగా ఉంటే దిగి నడిపించుకుంటూ దాటండి. అందులో నామోషీ ఏమీ లేదు.

‘ఇప్పుడు బస్సు ఉచితం కదా, ఈ అవస్థంతా ఎందుకు?’ అని అడగొచ్చు. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు. అది చిన్న మేలు కాదు. కానీ బస్సు దాని వేళకి వస్తుంది. ట్యూషన్ ముగిసే వేళకో, కుట్టుమిషన్ సెంటర్ తాళం వేసే వేళకో రాదు. పొలాల మధ్య ఊరినుంచి మెయిన్ రోడ్డు దాకా ఎలాగూ నడవాలి. ఆ రెండు మూడు కిలోమీటర్లకి సైకిలుంటే, ఎవరైనా దింపుతారేమోనని అన్నయ్య మొహం చూడక్కర్లేదు.

ఈ సంగతి మన పొరుగు రాష్ట్రం మనకంటే ముందే గ్రహించింది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పలకా బలపంతోపాటు సైకిలు కూడా నేర్పారు. కలెక్టరు షీలారాణి చుంకత్ పట్టుబట్టి మరీ చేయించారు. క్వారీల్లో పనిచేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, నర్సులు, టీచర్లు అందరూ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలకపోతే జెంట్స్ సైకిళ్లే ఎక్కారు. ముందు బారు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకోవచ్చు కదా అని కొందరికి అవే నచ్చాయట! ఆడవాళ్లు ఎప్పుడూ అంతే, ఇచ్చినదాంట్లోనే ఇంకో ఉపయోగం వెతుకుతారు.

బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు డబ్బులిచ్చారు. ఆర్థికశాస్త్రజ్ఞులు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ దాన్ని పరిశీలించి, హైస్కూల్లో చేరే వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని తేల్చారు. స్కూలు మూడు కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్లలోనే మార్పు ఎక్కువ. మన దగ్గరా 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల్లో చదివే ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. అయితే ఈ రెండు పథకాలూ హైస్కూలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. అసలు దూరం మొదలయ్యేది ఆ తర్వాత కదా!

ఇక అమ్మల భయాలు. సైకిలు తొక్కితే గర్భసంచి జారుతుందనీ, నెలసరిలో తొక్కకూడదనీ, పెళ్లికి అడ్డమనీ... వీటిలో ఏ ఒక్కదానికీ వైద్యపరంగా ఆధారం లేదు. నెలసరిలో ఓపిక ఉంటే తొక్కవచ్చు, లేకపోతే మానవచ్చు. మోకాళ్ల నొప్పి మాత్రం వస్తుంది, సీటు మరీ కిందికి దింపుకుంటే! రెండు కాళ్లూ నేలకి పూర్తిగా ఆనాలని చాలామంది ఆడవాళ్లు అలాగే పెట్టించుకుంటారు. పెడలు కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఆ లెక్కన సీటు లేపించండి. మొదటి వారం భయంగా ఉంటుంది, తర్వాత మీకే తేడా తెలుస్తుంది. వారానికోసారి గాలి, అప్పుడప్పుడు చైనుకి నూనె. చున్నీ కొసలు నడుముకి ముడేసుకోవాలి. చీరైతే చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ తప్పనిసరి. పంక్చరు వేయడం నేర్చుకుంటే మరీ మంచిది, షాపు మూసి ఉంటుందన్న బెంగ ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్త చీకటి విషయంలో. నవంబరులో అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. ముందు ఒక లైటు, వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు లేకుండా ఆ వేళ రోడ్డెక్కకూడదు. సాయంత్రాలు ప్రత్యేక తరగతులు పెట్టే కాలేజీలు కూడా రామతీర్థం లాంటి దూరపు ఊళ్లనుంచి వచ్చే పిల్లలెవరో చూసుకుని, ఆ నెలల్లో వాళ్లని అరగంట ముందు వదిలితే బాగుంటుంది.