ప్రేగుకుట్టు నిలుచునా? రక్తప్రసారమును చూపు పచ్చని వెలుగు

జీడిమామిడికి అంటు కట్టునప్పుడు కొమ్మలను ఎంత బిగువుగ బంధించినను, మొదటినుండి రసము పైకెక్కనిచో పైకొమ్మ కొద్దిదినములకే మాడిపోవును. పలాస, టెక్కలి ప్రాంతములందు తోటలుగల సోదరీమణులకు ఈ సంగతి మేము చెప్పవలసినది లేదు. పెద్దప్రేగున క్యాన్సరు పుట్టిన భాగమును కోసివేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టు శస్త్రవైద్యుని చింతయు నిట్టిదే. కుట్టు విడిపోవుటకు కారణములు పెక్కు గలవు గాని, కొసలకు రక్తము చాలకపోవుట వానిలో ముఖ్యమైనది. విడినచో మలము కడుపులోనికి కారి, చీముపట్టి, ప్రాణముమీదికి వచ్చును. మరల శస్త్రచికిత్స, పొట్టపై మలమునకు సంచి, నెలలకొలది పరాధీనత. ఇంటిల్లిపాదికి వండిపెట్టు ఇల్లాలు ఆ సంచిని చెంగుక్రింద దాచుకొని క్రుంగుట యెంతటి దుఃఖమో వేరుగ వ్రాయనేల?

సుశ్రుతాచార్యుడు ప్రేగుచిల్లిని పెద్ద నల్లచీమలచేత కరపించి, తలలు నిలిపి దేహములను త్రుంచివేయుమని చెప్పెను. నవ్వువారు నవ్వుదురుగాక, ప్రేగు నతుకుట యెంత కష్టమో ఆనాడే యెరిగియుండిరని మా యభిప్రాయము.

వైద్యులు చిరకాలము కన్నులనే నమ్ముకొనిరి. ప్రేగు వన్నె చూతురు, రక్తనాళము కొట్టుకొనుట చూతురు, కోసిన యంచున ఎఱ్ఱని రక్తము వచ్చునా యని చూతురు. అనుభవశాలి చూపు గొప్పదే. అయినను నాడు బాగుగ తోచిన కుట్టు కొన్నిదినములకు విడుట కలదు.

ఆ చూపునకు తోడుగ వచ్చినది ఇండోసయనిన్ గ్రీన్ అను రంగుమందు. ఇది 1955లో కోడాక్ సంస్థవారి పరిశోధనాలయమున ఛాయాచిత్రములకై పుట్టి, 1959లో అమెరికాలో వైద్యమునకు అనుమతి పొందినది. దీనిని చేతినరమున ఎక్కింతురు. అది రక్తమందలి మాంసకృత్తుల నంటిపెట్టుకొని నాళములలోనే తిరుగును. ప్రేగుపై పరారుణకాంతిని ప్రసరింపజేయగ మందు తానును వెలుగును. ఆ వెలుగు మన కంటికి కానరాదు. ప్రత్యేకమైన కెమెరా దానిని పట్టి తెరపై పచ్చగ చూపును. సుమారొక నిమిషములో రక్తమందిన భాగము పచ్చగ వెలుగును, అందనిచోటు చీకటిగ నిలుచును. వైద్యుడు చీకటిభాగమును దాటి, వెలుగున్నచోట కోసి కుట్టును.

మన ఉద్దానమువారు తెలిసికొనదగిన విశేష మొకటి కలదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండవ్యాధి యెన్ని కుటుంబములను పీడించుచున్నదో యెరుగనివారు లేరు. మూలకారణము నేటికిని తేలలేదు. దీనికొరకే 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనా కేంద్రమును ప్రారంభమైనవి. సి.టి. స్కానునకు ముందిచ్చు అయోడిన్ మందు మూత్రపిండములద్వారా వెలువడును గనుక ఇట్టి రోగులకు దాని నిచ్చుటకు వైద్యులు జంకుదురు. ఈ పచ్చమందునో కాలేయమే గ్రహించి పిత్తముతో ప్రేగులోనికి విడుచును. ఆరోగ్యవంతుల రక్తమున 3, 4 నిమిషములలోనే సగము తరిగిపోవును. అయినను ఇందును అయోడైడు కొంత కలదు. మందు పడకపోవుట అరుదే గాని, మూత్రపిండములు బొత్తిగ చెడినవారియందు ఆ భయము కొంత హెచ్చని మందుపత్రములే చెప్పుచున్నవి.

ఇక ఫలితమెంత? జపానులో పురీషనాళపు క్యాన్సరు రోగులు 800 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో (2023) కుట్టు విడుట నూటికి 11.8 నుండి 7.6కు తగ్గెను. హాలెండులో 900 మందికి పైగా జరిగిన పరీక్షలో (2024) 9కి బదులు 7 కనబడెను గాని, అంత స్వల్పభేదము కాకతాళీయమై యుండవచ్చునని లెక్కలు తేల్చినవి. కావున కెమెరా లేనిచోట శస్త్రచికిత్సయే వలదనుట తొందరపాటు. కుట్టు గుదమునకు ఎంత సమీపమైన అపాయమంత హెచ్చు గనుక, అట్టి రోగుల విషయమున నీ సాధనమునకు విలువ యెక్కువని మేము తలంచెదము.

విశాఖపట్టణమునకో శ్రీకాకుళమునకో ఇట్టి చికిత్సకై రోగిని కొనిపోవు సోదరీమణులు క్రియాటినిన్ పరీక్షాపత్రమును వెంట తీసికొనిపోవుడు. అయోడిన్ మందు ఎన్నడైన పడకపోయినచో ముందే చెప్పుడు. కుట్టునకు రక్తమందుట నెట్లు చూతురో, తాత్కాలికముగ సంచి యవసరమగునో, ఎన్నినెలలకు దానిని తీసివేయుదురో శస్త్రవైద్యుని నిస్సంకోచముగ నడుగుడు.